ఈస్ట్ లేని ఐరిష్ సోడా బ్రెడ్: నడుమ పచ్చిగా, రుచి సబ్బులా వస్తోంది. లోపం ఎక్కడ?

ప్రశ్న (పటమట, విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా చెల్లెలు మూడేళ్లుగా డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అక్కడి ఇళ్లలో చేసుకునే సోడా బ్రెడ్ గురించి చెప్పి, అందులో ఈస్ట్ పడదని, పిండి, ఉప్పు, తినే సోడా, మజ్జిగ తప్ప మరేమీ అక్కర్లేదని, గంటలో పని అయిపోతుందని నన్ను ఊరించి వెళ్లింది. మా ఇంట్లో ఈ మాటకు విలువ ఎక్కువ. మా అత్తగారు బజారు బ్రెడ్డును దగ్గరికి కూడా రానివ్వరు. ఈస్ట్ వాసన ఆవిడకు కల్లు వాసనలా అనిపిస్తుందట. మజ్జిగతో చేసేది కదా, ఆవిడ కూడా తింటారన్న ఆశతో మొదలుపెట్టాను.

తప్పు నా పద్ధతిలోనే ఎక్కడో ఉంది కనుక ఏదీ దాచకుండా రాస్తున్నాను. అరకిలో మైదా జల్లించి, చెంచాడు ఉప్పు, చెంచాడు సోడా కలిపి, ఆ మధ్యాహ్నం భోజనంలోకి చేసిన మజ్జిగ రెండు గ్లాసులు పోసి, చపాతీ పిండిలాగే పది నిమిషాలు బాగా పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట నాననిచ్చాను. అంతసేపు ఉంచినా ముద్ద ఉన్నచోటే ఉంది, పొంగిన జాడ లేదు. సోడా చాలలేదేమోనన్న అనుమానంతో ఇంకో అరచెంచా చల్లి మళ్లీ పిసికాను. తర్వాత గుండ్రంగా చేసి, పైన చాకుతో సన్నగా గీత గీసి, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) పెట్టి, అప్పుడు స్విచ్ వేసి, 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచాను.

పైకి చూస్తే బాగానే ఎర్రబడింది. కోస్తే అంచు వెంట రెండు వేళ్ల మందాన మాత్రమే ఉడికి, నడుమంతా ఉడకని కుడుములా జిగటగా ఉంది. రంగు లేత పసుపు. కొరికితే బట్టల సబ్బు నాలుకకు తగిలినట్లుంది. అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "దీన్ని కూర్చోవడానికి వాడుకుందామా?" అని మాత్రం అన్నారు.

నేను వాడిన సోడా సరైనదేనా, మైదా బదులు గోధుమ పిండి వాడవచ్చా, ఓటీజీ వేడి చాలలేదా అన్నవి నా సందేహాలు. ఇంకొకటి, తెనాలిలో ఉన్న మా పెద్దమ్మ దగ్గర ఓవెన్ లేదు. గ్యాసు పొయ్యి మీద చేసే దారి ఉంటే అది కూడా చెప్పగలరు.


జవాబు (బ్రాడీపేట, గుంటూరు నుంచి)

అమ్మా, మీ సోడా మంచిదే, మీ ఓటీజీ కూడా పెద్దగా నేరం చేయలేదు. నేను కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. రిటైరయ్యాక వంటింట్లోకి అడుగుపెట్టి, మా ఆవిడ చేత మొదట్లో చాలా చీవాట్లు తిన్నవాడిని. ఈ బ్రెడ్డును ఒక పాతిక సార్లైనా చేసి ఉంటాను. మొదటి మూడు సార్లు నాకు కూడా మీకు వచ్చినట్లే వచ్చింది.

ముందుగా మజ్జిగ సంగతి. తినే సోడా ఒక క్షారం. దానికి పులుపు తగిలినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, ఆ బుడగలే పిండిని లేపుతాయి. మైసూర్ బజ్జీకి పుల్ల పెరుగులో మైదా కలిపి చిటికెడు సోడా వేసినప్పుడు జరిగేది కూడా ఇదే. ఆ లెక్కన సోడా బ్రెడ్డు మనకు పరాయిది కాదు, మైసూర్ బజ్జీని నూనెలో వేయకుండా పొయ్యిలో కాల్చితే దాదాపు అదే. అయితే మీరు పోసినది మధ్యాహ్నం భోజనంలోకి చేసిన మజ్జిగ, అంటే కమ్మటి పెరుగులో మూడు నాలుగు వంతులు నీళ్లు పోసినది. అందులో పులుపు ఎంత ఉంటుంది? సోడాకు జత దొరకలేదు. జత దొరకని సోడా ఓవెన్ వేడికి తనంతట తాను విడిపోయి, కొంత వాయువును ఇచ్చి, బట్టల సోడా జాతి క్షారాన్ని రొట్టెలో వదిలిపోతుంది. మీ నాలుకకు తగిలిన సబ్బు రుచి అదే. పైగా మీరు చివర్లో ఇంకో అరచెంచా చేర్చారు. పసుపు రంగు కూడా అక్కడి నుంచే వచ్చింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అయినట్లే, గోధుమ పిండిలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు క్షారం తగలగానే పచ్చబడతాయి. కనుక రొట్టె పచ్చగా వస్తే సోడా ఎక్కువైందని లేదా పులుపు తక్కువైందని, కొరికి చూడకుండానే తెలుసుకోవచ్చు.

రెండో సంగతి తొందర. ఈస్ట్ ఒక జీవి, అది తిని, పెరిగి, మెల్లగా వాయువును వదులుతుంది, అందుకే దానికి గంటల కొద్దీ సమయం ఇస్తాము. సోడాకు అంత ఓపిక లేదు. తడి తగిలిన క్షణం నుంచే దాని పని మొదలై, ఎక్కువ భాగం మొదటి కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. మీరు తడిగుడ్డ కప్పి నాననిచ్చిన అరగంటలో బుడగలన్నీ పుట్టి, పైకి వచ్చి, గాలిలో కలిసిపోయాయి. మైసూర్ బజ్జీ పిండిని నానబెడతాము కదా అని మీరు అడగవచ్చు. ఆ ఉండ నిమ్మకాయంత ఉంటుంది, మరిగే నూనెలో పడగానే నడిమి దాకా వేడెక్కి, మిగిలిన సోడా కూడా ఒక్కసారిగా పనిచేస్తుంది. అరకిలో పిండి ముద్ద నడుమకు వేడి చేరేసరికి 20 నిమిషాలు దాటుతుంది, అప్పటికి మీ ముద్దలో లేపగలిగిన గాలి మిగలలేదు.

మూడోది పిసకడం. గోధుమ పిండిలో తడి తగిలాక మర్దనా చేసేకొద్దీ గ్లూటెన్ అనే సాగుడు వల అల్లుకుంటుంది. చపాతీకి, పరోటాకు ఆ సాగుడే కావాలి. ఇక్కడ అదే శత్రువు, బుడగల బలహీనమైన తోపుడుకు అంత బిగువైన వల లొంగదు. పులిహోర కలిపేటప్పుడు మెతుకు చిదగకుండా వేళ్లు విప్పి కింది నుంచి పైకి ఎలా తిప్పుతారో అలా తిప్పాలి. పొడి పిండి కనబడకుండా పోయిన క్షణంలో చేయి తీసేయాలి. నా చేతికి ఇది అర నిమిషం పని. ముద్ద నునుపుగా ఉండకూడదు. గరుకుగా, అక్కడక్కడా చీలికలతో, చూడగానే "ఇంకొంచెం కలపాలేమో" అనిపించేలా ఉండాలి. ఆ కోరికను అణచుకోవడమే ఈ వంటలో అసలు కష్టం, నాకు ఇప్పటికీ చేయి ఊరుకోదు.

నేను వాడే కొలతలు ఇవి. 350 గ్రాముల మైదా, 100 గ్రాముల గోధుమ పిండి, తలకొట్టిన టీ చెంచాడు సోడా అంటే సుమారు 5 గ్రాములు, మరో టీ చెంచాడు ఉప్పు. ఇవన్నీ కలిపి రెండు సార్లు జల్లించండి, సోడా ఉండలు మిగిలితే రొట్టెలో గోధుమ రంగు చుక్కలై చేదుగా తగులుతాయి. తడికి 300 గ్రాముల బాగా పులిసిన పెరుగును 100 మిల్లీలీటర్ల నీళ్లతో చిలికి వాడండి. ముద్ద చపాతీ పిండికంటే బాగా మెత్తగా, గారెల పిండికంటే కాస్త గట్టిగా ఉండాలి, చేతికి అంటుకుంటే భయపడవద్దు. మనం మరపట్టించే గోధుమ పిండి మైదాకంటే ఎక్కువ నీరు పీలుస్తుంది కనుక, దాని వంతు పెంచిన రోజున మరో రెండు చెంచాల మజ్జిగ అవసరమవుతుంది. ఓటీజీని ముందే 15 నిమిషాలు వేడి చేసి ఉంచి, పళ్లెం సిద్ధంగా పెట్టుకుని, ఆ తర్వాతే పిండిలో పెరుగు పోయండి.

చివరగా, సోడా బదులు బేకింగ్ పౌడర్ వాడమని ఎవరైనా సలహా ఇస్తారేమో. రెండూ ఒకటి కావు, ఆ పొడిలో సోడాతో పాటు పులుపు కూడా పొడి రూపంలో కలిపి ఉంటుంది. దాన్ని 1843లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఇంగ్లీషు మందుల వ్యాపారి తయారు చేశాడు, ఆయన భార్యకు ఈస్ట్ పడేది కాదట. మీ అత్తగారి సంగతి చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తుకు వచ్చింది. కానీ ఇంట్లో పుల్ల మజ్జిగ ఉన్నవారికి ఆ డబ్బాతో పని లేదు.


జవాబు (మొగల్రాజపురం, విజయవాడ నుంచి)

మాస్టారి జవాబుతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. నేను ఐర్లండ్ దక్షిణాన ఉన్న కార్క్ నగరంలో నాలుగేళ్లు ఉండి వచ్చాను. నేను అద్దెకున్న ఇంటావిడ వారానికి మూడు సార్లు ఈ రొట్టె చేసేది. కొలత గిన్నె వాడగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ మజ్జిగ పోసిన తర్వాత రొట్టె ఓవెన్‌లోకి వెళ్లేలోపు నేను టీ కప్పు కడిగి బోర్లించడం కూడా పూర్తయ్యేది కాదు.

మాస్టారు వేడి గురించి వివరంగా చెప్పలేదు కనుక అది చేరుస్తున్నాను. 180 డిగ్రీలు ఈ రొట్టెకు చాలవు. మొదటి 15 నిమిషాలు 220 నుంచి 230 డిగ్రీల మధ్య ఉంచి, తర్వాత 200కు తగ్గించి మరో 25 నుంచి 30 నిమిషాలు కాల్చాలి. ముద్దను నాలుగు సెంటీమీటర్ల ఎత్తుకు మించకుండా అప్పంలా తట్టండి, బంతిలా చేస్తే నడుమ పచ్చిగానే ఉంటుంది. పైన గీసే శిలువ గుర్తు అలంకారం కోసం కాదు. ముద్ద ఎత్తులో సగం దాకా చాకు దిగాలి, అప్పుడే నడుమకు వేడి త్వరగా చేరుతుంది, పొంగేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ పగలకుండా ఆ గీతల వెంటనే విచ్చుకుంటుంది. మీరు గీసిన సన్నటి గీత ఆ పని చేయలేకపోయింది. ఇంట్లోని దయ్యాలు ఆ గీతల గుండా బయటికి పోతాయని అక్కడి పెద్దవాళ్లు నవ్వుతూ చెబుతారు. ఉడికిందో లేదో తెలియాలంటే రొట్టెను గుడ్డతో పట్టుకుని తిరగేసి, అడుగున వేలి కణుపుతో కొట్టండి, ఖాళీ కుండ మీద కొట్టినట్లు బోలు శబ్దం రావాలి. బరువైన మోత వస్తే మరో ఐదు నిమిషాలు.

ఈ రొట్టె అక్కడ పుట్టడానికి కారణం కూడా మీ సందేహాలలో ఒకదానికి జవాబు అవుతుంది. ఐర్లండ్ చల్లగా, తడిగా ఉండే దేశం, అక్కడ పండేది మెత్తటి గోధుమ. అందులో గ్లూటెన్ తక్కువ కనుక ఈస్ట్ రొట్టెకు అది అంతగా నప్పదు. 1830ల నాటికి సోడా చవకగా దొరకడం మొదలైంది, వెన్న తీసిన మజ్జిగ ప్రతి రైతు ఇంట్లోనూ మిగిలేది. ఓవెన్ లేని పేద ఇళ్లలో, మూడు కాళ్ల ఇనుప కుండలో పిండిముద్దను పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చి కాల్చుకునేవారు. బురద నేలల నుంచి తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డలే వారి వంటచెరకు. వారి పిండి కూడా గ్లూటెన్ తక్కువ ఉన్నదే కనుక మైదా వాడడానికి సంకోచించకండి. బ్రెడ్డుకోసమని ప్రత్యేకంగా అమ్మే ఎక్కువ ప్రొటీన్ (అంటే ఎక్కువ గ్లూటెన్) పిండి ఈ రొట్టెకు మంచిది కూడా కాదు. మొత్తం గోధుమ పిండితో చేసేది కూడా అక్కడ ఉంది, దాన్ని బ్రౌన్ బ్రెడ్ అంటారు, నాకు ఆ రుచే ఎక్కువ ఇష్టం. కానీ మొదటి ప్రయత్నానికి మాస్టారు చెప్పిన పాళ్లే క్షేమం.

ఒక్క విషయంలో నాది వేరే మాట. పులిసిన పెరుగు దొరకని రోజున 400 మిల్లీలీటర్ల పాలలో రెండు పెద్ద చెంచాల నిమ్మరసం పిండి పది నిమిషాలు ఆగితే, పాలు విరిగినట్లయి, మజ్జిగ చేసే పని చేస్తాయి. మాస్టారికి ఇది నచ్చకపోవచ్చు.

ఎండుద్రాక్ష, పంచదార, గుడ్డు, షాజీరాకు దగ్గరి చుట్టమైన కారవే గింజలు వేసి చేసేది అమెరికాలో స్థిరపడిన ఐరిష్ వారి ఇళ్లలో ప్రసిద్ధి, మార్చి 17న వచ్చే సెయింట్ పాట్రిక్ పండుగకు అంగళ్ల నిండా అదే ఉంటుంది. కార్క్‌లో మా ఇంటావిడ దాన్ని కేకు కింద జమకట్టేది.


జవాబు (బ్రాడీపేట, గుంటూరు నుంచి, మళ్లీ)

నిమ్మరసం పాలు పనిచేస్తాయి, రసాయనం ప్రకారం అందులో తప్పు లేదు. అయితే మే నెలలో గుంటూరులోనో విజయవాడలోనో పులిసిన పెరుగు దొరకని ఇల్లు ఉంటుందంటే నేను నమ్మను. ఉదయం తోడుపెట్టిన పెరుగును సాయంత్రం దాకా బయట మరచిపోతే చాలు. వెన్న చిలికే ఇల్లయితే, ఆ వెన్న తీసిన మజ్జిగే ఐర్లండ్ రైతు ఇంట్లో వాడిన అసలు సరుకు, నీళ్లు ఎక్కువగా పోసి చిలకకుండా ఉంటే చాలు.


జవాబు (కృష్ణలంక, విజయవాడ నుంచి)

మీ పెద్దమ్మగారి కోసం రాస్తున్నాను, నా దగ్గర కూడా ఓవెన్ లేదు.

పై జవాబులో ఇనుప కుండ మూత మీద నిప్పులు పేర్చే సంగతి చదివి నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. ఆవిడ దిబ్బరొట్టె చేసేటప్పుడు కుంపటి మీద మందపాటి ఇత్తడి గిన్నె పెట్టి, మూతగా పెట్టిన పళ్లెంలో నాలుగు కణకణలాడే బొగ్గులు వేసేది. కింద సెగ, పైన సెగ. పైభాగం కూడా ఎర్రగా కాలేది, రొట్టెను తిరగేసే పని ఉండేది కాదు. గ్యాసు వచ్చాక ఆ పైసెగ పోయింది, అందుకే ఇప్పుడు దిబ్బరొట్టెను తిరగేసి కాలుస్తున్నాము. సోడా బ్రెడ్డుకు కూడా పైసెగ లేకపోవడమే మన ఇబ్బంది. కుక్కర్‌లో ఇసుకో ఉప్పో పోసి, రబ్బరు, వెయిట్ తీసేసి చేసే పద్ధతి నేను ప్రయత్నించాను. ఉడుకుతుంది కానీ పైన తెల్లగా, ఆవిరి కుడుములా మిగులుతుంది, నీళ్లు లేకుండా అంతసేపు కాచినందుకు నా కుక్కర్ అడుగు కూడా రంగు మారింది. ఆ దారి నేను చెప్పను.

దానికి బదులు ఉత్తర ఐర్లండ్‌లో ఫార్ల్ అని ఒకటి చేస్తారు. పిండి కలపడం అంతా అదే. ముద్దను వేలెడు మందాన గుండ్రంగా తట్టి, శిలువ గీత గీయడానికి బదులు పూర్తిగా నాలుగు ముక్కలుగా కోసి, పెనం మీద కాలుస్తారు. ఫార్ల్ అంటేనే నాలుగో వంతు అని అర్థమట. మన దోసె పెనానికి, ముఖ్యంగా పాత ఇనుప పెనానికి, ఇది సరిగ్గా సరిపోతుంది. నూనె వేయకూడదు. పెనం వేడెక్కాక చిటికెడు పొడి పిండి చల్లి చూడండి. అది వెంటనే నల్లబడితే మంట ఎక్కువ, మెల్లగా బంగారు రంగుకు తిరిగితే సరైన సెగ. అప్పుడు ముక్కలను పరచి, మంట బాగా తగ్గించి, ఒక్కో వైపు 8 నుంచి 10 నిమిషాలు కదపకుండా వదిలేయండి. చివర్లో ముక్కలను నిలబెట్టి అంచులకు కూడా అర నిమిషం సెగ తగిలిస్తే పచ్చి ఉండదు. మొదటిసారి నేను చపాతీలా పెద్ద మంట పెట్టి, పైన మాడ్చి, లోపల పచ్చిగా దించాను. దిబ్బరొట్టె కాల్చేవారికి ఉండే ఓపిక కావాలి.

మీ పెద్దమ్మగారికి 225 గ్రాముల పిండి, అరచెంచా సోడా, అరచెంచా ఉప్పు, 150 గ్రాముల పుల్ల పెరుగు, 50 మిల్లీలీటర్ల నీళ్లు చాలు, నాలుగు ముక్కలు వస్తాయి. తడి ఇంతకంటే ఎక్కువైతే పెనం మీదికి ఎత్తేటప్పుడు ముక్క చేతిలోనే సాగిపోతుంది.


జవాబు (అరండల్‌పేట, గుంటూరు నుంచి)

వంట గురించి కాదు, కరెంటు గురించి ఒక్క మాట. 230 డిగ్రీలకు తిప్పబోయే ముందు మీ ఓటీజీ వెనుక ఎన్ని వాట్లని రాసి ఉందో చూడండి. గోడకు ఉండే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, అంటే సుమారు 1,380 వాట్లకు మించి మోయలేదు. ఓటీజీ 1,500 వాట్లదైతే ఫ్రిజ్, గీజరు పెట్టే పెద్ద సాకెట్టుకే తగిలించండి. మా ఇంట్లో ప్లగ్గు కరిగి గోడకు అంటుకున్నాక నేర్చుకున్న పాఠం ఇది.


ప్రశ్న అడిగినవారు (పటమట, విజయవాడ నుంచి)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు నా మనసులో మైసూర్ బజ్జీ ఉందని కనిపెట్టిన తీరుకు నవ్వు ఆగలేదు. సోడా చేర్చి నానబెట్టడం నిజంగానే ఆ అలవాటు నుంచి వచ్చింది.

నిన్న ఆదివారం మళ్లీ చేశాను. శనివారం రాత్రి తోడుపెట్టిన గేదె పాల పెరుగును ఆదివారం మధ్యాహ్నం మూడింటిదాకా వంటింటి గట్టు మీదే ఉంచాను. బయట రోళ్లు పగిలే ఎండ, గిన్నె మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. కొలతలు మాస్టారు చెప్పినవే. ఓటీజీని పెద్ద సాకెట్టుకు మార్చి, ముందే వేడి చేసి, పళ్లెంలో పొడి పిండి చల్లి పెట్టుకుని, అప్పుడు పెరుగు పోశాను. పోసిన వెంటనే గిన్నెలో చిటపటమని సన్నటి చప్పుడు వినిపించింది. చెవి దగ్గర పెట్టి వింటే వాన మొదలయ్యే ముందు రేకుల మీద పడే తొలి చినుకుల్లా ఉంది. పోయినసారి ఈ చప్పుడే రాలేదు, నేను గమనించనూ లేదు. పులిహోర కలిపినట్లు కలిపి, ఇంకొంచెం కలపాలన్న దురద చేతికి పుట్టినా, మా అబ్బాయిని "చాలు అని అరువు" అని ముందే చెప్పి పక్కన నిలబెట్టుకున్నాను, వాడు నిజంగానే అరిచాడు. పైన సగం లోతుకు చాకు దింపాను.

పన్నెండో నిమిషానికి అద్దం గుండా చూస్తే గీతలు నాలుగు రేకుల్లా విచ్చుకున్నాయి. పైరాడ్డు వేడికి 20 నిమిషాలకే పైభాగం ముదురు రంగుకు వస్తుంటే రేకు కాగితం కప్పి, కింది అరలోకి మార్చాను. మొత్తం 42 నిమిషాలు పట్టింది. తిరగేసి కొడితే బోలు శబ్దం వచ్చింది. రంగు లోపల తెలుపు మీద కాస్త గోధుమ ఛాయ, పసుపు లేదు, సబ్బు రుచి అసలే లేదు.

ఒక్క పొరపాటు చేశాను. వాసనకు ఆగలేక వెంటనే కోశాను, చాకుకు జిగురుగా అంటుకుంది, మళ్లీ పచ్చిగా వచ్చిందేమోనని గుండె జారింది. మిగిలిన సగాన్ని గంట తర్వాత కోస్తే చక్కగా, పొడిగా ముక్కలు తెగాయి. అప్పుడు తెలిసింది, అది ఉడకకపోవడం కాదు, ఆరకపోవడం.

అత్తగారు మొదటి ముక్కను అనుమానంగా వాసన చూశారు. తర్వాత వెన్న రాయించుకుని తిన్నారు. రెండో ముక్కకు వెన్న వద్దని, మొన్న కలిపిన కొత్త ఆవకాయ ఊట అద్దుకున్నారు. "మజ్జిగ వాసన వస్తోంది" అన్నారు, ఆవిడ నోట అది మెచ్చుకోలు. ఇప్పుడు సందేహం ఒకటే. ముగ్గురం తినగా పావు రొట్టె మిగిలింది, ఈ ఉదయానికి అంచు గట్టిపడింది. దీన్ని మెత్తగా నిలువ ఉంచే మార్గం ఉందా?


జవాబు (మొగల్రాజపురం, విజయవాడ నుంచి)

ఓవెన్ నుంచి తీయగానే శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి ఆరనివ్వండి. లోపలి ఆవిరి పైపెచ్చును కాస్త మెత్తబరుస్తుంది, మా ఇంటావిడ ఎప్పుడూ అలాగే చేసేది. అయినా నూనె, గుడ్డు, పంచదార ఏవీ లేని రొట్టె కనుక మర్నాటికి గట్టిపడడం దాని స్వభావం. అక్కడ కూడా ఏ రోజు రొట్టె ఆ రోజు తినేదే. మన ఎండాకాలపు ఉక్కలో రెండో రోజు దాటించి బయట ఉంచకండి, బూజు పట్టవచ్చు. మిగిలేలా ఉంటే ఆరిన వెంటనే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు నేరుగా పెనం మీద కాల్చుకోండి.

ఈ ఉదయం మిగిలిన పావును మాత్రం పారేయవద్దు. వేలెడు మందం ముక్కలు కోసి, పెనం మీద కాస్త నెయ్యి వేసి రెండు వైపులా ఎర్రగా కాల్చి చూడండి. తాజా రొట్టెకంటే అదే బాగుందని మా ఇంట్లో ఇద్దరు అంటారు.


జవాబు (బ్రాడీపేట, గుంటూరు నుంచి)

ఆ చిటపట చప్పుడు విన్నారు కదా అమ్మా, ఇకపై సోడా డబ్బా పాతబడిందో లేదో చూడడానికి అదే పరీక్ష. చెంచాలో చిటికెడు సోడా వేసి రెండు చుక్కల నిమ్మరసం పిండండి, బుస్సుమని పొంగకపోతే ఆ డబ్బాను గిన్నెలు తోమడానికి ఇచ్చేయండి.